మన తీరపు మొక్కలను మన పిల్లలు చేత్తో గీయాలి

సంపాదకులకు,

నమస్కారం.

విశాఖపట్నంలో చేనేత, హస్తకళల ప్రదర్శన ఎక్కడ పెట్టినా ఈమధ్య పూలు, ఆకులు అద్దిన చీరలకు, కుర్తీలకు, కర్టెన్లకు మంచి గిరాకీ ఉంటోంది. కాగితం మీద మొక్కలను గీసి, వాటిని అద్దకానికి పనికొచ్చే డిజైన్లుగా మలిచి, ఆ పని మీదే బతుకుతున్న నాకు ఇది ఎంతో సంతోషం కలిగించే విషయం. అయితే ఆ బట్టలను చేతిలోకి తీసుకుని చూస్తే యూకలిప్టస్ కొమ్మలు, ఇంగ్లండు గులాబీలు, ఏ దేశపు అడవివో తెలియని పెద్ద పెద్ద చిల్లుల ఆకులే కనిపిస్తున్నాయి. ఒకే పూలగుత్తి మూడు దుకాణాల్లో మూడు రంగుల్లో వేలాడుతోంది. అంతర్జాలంలో దొరికే అవే ఫైళ్లను అందరూ దించుకుని, రంగు మార్చి అచ్చు వేయించడమే దీనికి కారణం. ఇటు సముద్రం, అటు తూర్పు కనుమలు ఉన్న ఈ ఊరి మొక్క ఒక్కటి కూడా ఈ ఊరి బట్ట మీద లేకపోవడం నన్ను చాలా బాధపెడుతోంది.

నా విన్నపం ఇది. నగరంలో ఫ్యాషన్ డిజైనింగ్, లలితకళలు నేర్పే కళాశాలలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడానికి ముందే విద్యార్థులకు రెండు పనులు నేర్పాలి. మొదటిది మొక్కను ఎదురుగా పెట్టుకుని చేత్తో గీయడం. రెండోది ఆ బొమ్మను ఎటు చూసినా అతుకు కనిపించని కూర్పుగా మలచడం, అంటే మా వృత్తిలో రిపీట్ వేయడం. బొమ్మ గీయడం వచ్చినవారు మన దగ్గర చాలామందే ఉన్నారు. రిపీట్ వేయడం తెలిసినవారు మాత్రం బాగా తగ్గిపోయారు.

రుషికొండ నుంచి భీమిలి వైపు వెళ్తూ రోడ్డు దిగి ఇసుకలోకి నడిస్తే, ఊదారంగు పూలతో నేలమీద పాకే చెవులపిల్లి తీగ కనిపిస్తుంది. గాలికి ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచే మొక్క అది. దాని ఆకు కొస దగ్గర రెండుగా చీలి, నడిమి ఈనె వెంట కొద్దిగా ముడుచుకుని ఉంటుంది. కాడ ఇసుకను అంటుకుని సాగిపోతూ కణుపు కణుపుకూ వేళ్లు దించుతుంది, ఆకులు మాత్రం పొడవాటి తొడిమల మీద పైకి లేచి నిలబడతాయి. గరాటులాంటి పువ్వు పొద్దున్నే విచ్చుకుని ఎండ ముదిరేసరికి వాడిపోతుంది కాబట్టి, గీసేవారు ముందు పువ్వు పని ముగించుకుని తర్వాత తీరిగ్గా ఆకులకు, కాడకు రావాలి. ఫోటో చూసి గీసేవారికి ఒక్క కోణమే దొరుకుతుంది. మొక్క పక్కన కూర్చున్నవారికి బిగుసుకున్న మొగ్గ, సగం విచ్చిన పువ్వు, వెనక నుంచి కనిపించే పువ్వు, ఎండిన కాయ, పురుగు కొట్టిన ఆకు అన్నీ ఒకే తీగ మీద దొరుకుతాయి. పెద్ద పువ్వుల మధ్య ఖాళీలను అందంగా నింపేవి ఈ చిన్న చిన్న భాగాలే గనుక, వీటిని గీసి పెట్టుకోనివారి డిజైన్ ఎప్పుడూ బోసిగానే ఉంటుంది.

వృక్షశాస్త్ర గ్రంథానికి గీసే బొమ్మకూ బట్ట కోసం గీసే బొమ్మకూ తేడా ఉంది. గ్రంథంలో బొమ్మ చూసి మొక్కను గుర్తుపట్టగలగాలి గనుక అందులో ఏదీ వదలకూడదు. బట్ట మీద కొంత వదలాలి, కొంత వంచాలి, కొంత పెంచాలి. అయినా ఆకులు కాడకు ఎదురెదురుగా వస్తాయా లేక ఒకటి విడిచి ఒకటి వస్తాయా, పువ్వుకు రేకలెన్ని, తీగ ఎటు తిరుగుతుంది అన్న మూడింటినీ మార్చకూడదని నా గట్టి అభిప్రాయం. అవి మారితే ఆ మొక్క ఎక్కడా లేని మొక్క అయిపోతుంది, ఆ ఊరివారు దాన్ని తమదిగా గుర్తుపట్టలేరు.

ఇక రిపీట్ సంగతి. దీన్ని చేత్తో వేసే పద్ధతి చాలా సులువుగా అర్థమవుతుంది, పూర్తిగా పట్టుబడడానికి మాత్రం ఓర్పు కావాలి. చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో కత్తిరించిన కాగితం మధ్యలో బొమ్మ వేయాలి. ఏ పువ్వూ కాగితం అంచును తాకకూడదు. తర్వాత కాగితాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి, ఎడమ ముక్కను కుడివైపుకు, కుడి ముక్కను ఎడమవైపుకు మార్చి వెనక నుంచి టేపుతో అంటించాలి. అప్పుడు పాత అంచులు రెండూ నడిమికి వచ్చి, అక్కడ ఒక ఖాళీ పట్టీ ఏర్పడుతుంది. అడ్డంగా కూడా అలాగే కోసి పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చి అంటిస్తే నాలుగు మూలలూ నడిమిలో కలుస్తాయి. ఆ ఖాళీని మొగ్గలతో, లేత ఆకులతో నింపాక, ఆ కాగితానికి నకళ్లు తీసి ఎన్నింటిని పక్కపక్కన పేర్చినా గీత గీతతో కలుస్తుంది. ఇది నేరు రిపీట్. పక్క వరుసను సగం ఎత్తు కిందికి జార్చి పేర్చేదాన్ని హాఫ్ డ్రాప్ అంటారు. పూలతీగలకు ఇదే ఎక్కువగా నప్పుతుంది. అందులో కాగితం కుడి అంచును దాటిపోయిన కాడ, ఎడమ అంచులో అదే ఎత్తున కాక సగం ఎత్తు తేడాతో లోపలికి రావాలి. ఈ లెక్క ఒక్కసారి చేతికి అలవాటైతే విద్యార్థికి తీగను ఎక్కడ తిప్పాలో దానంతటదే తెలిసిపోతుంది.

అతుకు కలిసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. కనీసం తొమ్మిది నకళ్లను, మూడేసి చొప్పున మూడు వరుసలుగా గోడకు అంటించి, గదికి ఆ చివర నిలబడి కళ్లు సగం మూసి చూడాలి. దగ్గరగా చూసినప్పుడు లేని తెల్లటి బాటలు అప్పుడు నిలువునా, ఏటవాలుగా బయటపడతాయి. ఒక పువ్వు మిగతావాటికన్నా కొంచెం ముదురుగా ఉంటే చాలు, బట్టంతా అదే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. అలాంటి చోట ఒక ఆకును అడ్డంగా తిప్పడం, ఒక కాడను బాట మీదుగా సాగదీయడం, ముదురు పువ్వును రెండుగా విడగొట్టడం వంటి సవరణలు చేయాలి. కంప్యూటర్ ఒక్క క్షణంలో వంద నకళ్లు పేర్చి చూపిస్తుంది, నిజమే. ఆ బాట ఎందుకు వచ్చిందో, ఏ ఆకు కదిపితే పోతుందో చెప్పేది మాత్రం కాగితం మీద నేర్చిన కన్నే.

చీరకు డిజైన్ వేసేవారు ఇంకొక విషయం తెలుసుకోవాలి. చీర కట్టినప్పుడు దాని పన్నా, అంటే వెడల్పు, నిలువుగా, పొడవు అడ్డంగా ఒంటి చుట్టూ వస్తుంది. భుజం మీది నుంచి వెనక్కి జారే కొంగులో మాత్రం పొడవే నిలువు అవుతుంది. పూలన్నీ ఒకే దిక్కుకు తలెత్తి ఉండేలా గీస్తే, కుచ్చిళ్లలో నిలబడిన పువ్వు కొంగు మీద పక్కకు పడుకుని ఉంటుంది. అందుకే కొంగుకు వేరే కూర్పు వేయాలి, లేదా పూలను నాలుగు దిక్కులకూ చెదరగొట్టాలి. విదేశాల్లో గోడకాగితాల కోసం వేసిన ఫైళ్లు మన చీర మీద ఇమడకపోవడానికి సగం కారణం ఇదే.

ఏ పద్ధతిలో అద్దుతారన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. మిల్లుల్లో వాడే రోటరీ స్క్రీన్, అంటే తిరుగుతూ రంగు అద్దే గొట్టంలాంటి తెర, చుట్టుకొలత సాధారణంగా 64 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి రిపీట్ ఎత్తు ఆ 64లో సరిగ్గా ఇమిడేలా ఉండాలి. కలంకారీ అద్దకానికి పేరొందిన పెడనలో వాడే టేకు అచ్చు చేత్తో ఎత్తి వేసేది గనుక అంతకన్నా చాలా చిన్నది. గీతలకు ఒక అచ్చు, ఒక్కొక్క రంగుకూ ఇంకొక అచ్చు చెక్కాలి. గీతకూ గీతకూ మధ్య చోటు మరీ తక్కువైతే కర్రలో రంగు నిలిచి బట్ట మీద మరకలా అంటుకుంటుంది. కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన కసిమి తగిలిన చోట నల్లగా మారుతుంది. పటిక పెట్టిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఈ సంగతులు తెలిసి గీసినవారి కాగితం చూస్తే అచ్చు చెక్కేవారికే ఒక గౌరవం కలుగుతుంది.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. మచిలీపట్నం, ఇతర కోరమాండల్ (మన తూర్పు తీరపు) రేవుల నుంచి వెళ్లిన పూలబట్టల మీద ఐరోపాలో మోజు ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1721లో చట్టం చేసి అద్దకపు నూలుబట్టల వాడకాన్నే అడ్డుకుంది. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నం పనివారు ఏనుగు దంతపు పలకల మీద పూలతీగల అంచులు చెక్కి, ఆ సన్నని గీతల్లో నల్ల లక్క నింపి, వాటిని రోజ్‌వుడ్ వంటి గట్టి కర్రలో పొదిగి పెట్టెలు, కుర్చీలు, బీరువాలు చేశారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఈనాటికీ ఉన్నాయి. దంతపు వ్యాపారాన్ని చట్టం నిషేధించడం అన్ని విధాలా సరైన పని. కానీ పెట్టె మూల దగ్గర తీగను తెంపకుండా ఎలా మలుపు తిప్పారో ఆ అంచులను చూసి నేర్చుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఈ ఊరి పేరుతో ప్రపంచానికి తెలిసిన ఆ పూలతీగను ఈ ఊరి డిజైన్ విద్యార్థుల్లో చాలామంది ఒక్కసారైనా చూసి ఉండరు.

మొక్కల బొమ్మల విషయంలోనూ అంతే. కాకినాడ పక్కన సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారుల చేత గీయించిన కోరమాండల్ తీరపు మొక్కలు, 1795 నుంచి మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా ఆయన రాసుకున్నాడు. గీసిన మనవాళ్ల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. ఆ సంపుటాలు ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్ర మనందరికీ తెలుసు. ఆ చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చని రాక్స్‌బర్గ్ రాశాడు. తెల్లని పూలగుత్తులు, జంటలుగా వేలాడే పొడవాటి సన్నని కాయలు గల ఆ అంకుడు కొమ్మ కన్నా అందమైన డిజైన్ మన ప్రాంతానికి ఇంకేం కావాలి? సింహాచలం సంపెంగ, తాటి మట్ట, మొగలి పొత్తి ఇవన్నీ ఎవరైనా గీస్తారని ఎదురుచూస్తున్నాయి.

సొంతంగా గీసినవారు చట్టం కూడా తెలుసుకోవాలి. నా దగ్గర పని నేర్చుకున్న ఒక అమ్మాయి డిజైన్‌ను ఒక దుకాణంవారు అడగకుండానే స్క్రీన్ చేయించి అమ్ముకున్నారు. ఆమె ఏమీ చేయలేకపోయింది. 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, నమోదుకు వీలున్న డిజైన్‌ను నమోదు చేయించకుండా, దాని హక్కుదారు గానీ వారి అనుమతితో ఇతరులు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 కన్నా ఎక్కువసార్లు అచ్చు వేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకుంటే 10 ఏళ్లు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. అయితే బయట ప్రదర్శించక ముందే దరఖాస్తు చేసుకోవాలి. బొమ్మ పూర్తికాగానే ఫోన్‌లో అందరికీ చూపించే ఈ రోజుల్లో ఈ ఒక్క నిబంధన తెలియకపోవడం వల్ల చాలామంది నష్టపోతున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖ, లలితకళల శాఖ రెండూ ఉన్నాయి. ఈ రెండు శాఖలవారూ కలిసి, వర్షాలు వెళ్లాక తీగలు బాగా పూసే రోజుల్లో, తీరం వెంట, కంబాలకొండలో విద్యార్థులను కూర్చోబెట్టి గీయించే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. మొక్క పేరు, పూసే కాలం చెప్పడానికి ఒకరు, గీత దిద్దడానికి ఒకరు ఉంటే చాలు. నగరపాలక సంస్థ గోడల మీద వేయించే బొమ్మల్లో కొన్నింటిని ఇలా తయారైన కూర్పులకు కేటాయిస్తే, గోడకాగితం కొలతల్లో రిపీట్ వేయడం కూడా విద్యార్థులకు అలవాటవుతుంది. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో నెలకొక స్థానిక మొక్క రేఖాచిత్రాన్ని, దాని తెలుగు పేరుతో, గీసినవారి పేరుతో ప్రచురించగలిగితే, మొదటి నెలకు చెవులపిల్లి తీగ బొమ్మను, దాని హాఫ్ డ్రాప్ కూర్పును ఉచితంగా పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక అద్దకం డిజైనరు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.