కార్మిక శాఖ అధికారి గారికి ఆటోనగర్ నుంచి ఒక లేత్ షాపు యజమాని

అయ్యా,

నా షాపులో పనివాళ్లు ఆరుగురు. పదిమంది లేరు కాబట్టి ఈఎస్‌ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) తప్పనిసరి కాదు. అంతటితో నా బాధ్యత తీరిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మొన్న డ్రిల్లింగ్ మిషన్‌లో మా కుర్రాడి గ్లవ్ చుట్టుకుని, చూపుడు వేలి కొస పోయింది. అసలు తిరిగే బిట్ దగ్గర గ్లవ్ వేసుకోకూడదు. ఆ మాట ముందే చెప్పకపోవడం నా తప్పే.

ఆసుపత్రి బిల్లు కట్టాక తెలిసింది, పరిహారం కూడా నేనే ఇవ్వాలని, 1923 నుంచీ చట్టం ఉందని. పనిలో మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చవేస్తారట. పాతికేళ్ల వాడికి ఆ గుణకం 216.91. అంటే 15,000 జీతం మీద 16 లక్షలు దాటుతుంది. నా మిషన్లన్నీ అమ్మినా అంత రాదు.

ఈ పరిహారం భరించే బీమా పాలసీ తీసుకుందామని వెళితే, ఏజెంటు ముందు నా కారు ఇన్సూరెన్స్ గురించి అడిగాడు!

మీ సిబ్బందినీ, బీమా కంపెనీల వాళ్లనీ ఒక ఆదివారం ఆటోనగర్‌కి పంపండి. ఫారాలు తెలుగులో ఉండాలి. టీ ఖర్చు మాది.

ఇట్లు,
ఒక లేత్ షాపు యజమాని