రాబోయే ఏళ్ల అంకె వేసేటప్పుడు ఆధారం కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

2035కి తిరుపతి జనాభా ఇంత, సెంటు భూమి ఇంత, నీళ్ల అవసరం ఇంత అని పేపర్లలో, ప్లాట్ల కరపత్రాల్లో అంకెలు తెగ కనిపిస్తున్నాయి. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి, అవి ఎలా వచ్చాయా అని చూడకుండా ఉండలేను. చాలావాటి వెనక ఉన్న పని ఒక్కటే, పాత ఏళ్ల విలువలకు దగ్గరగా ఒక సరళరేఖ గీసి దాన్ని ముందుకు పొడిగించడం. ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. అలాంటి గీత గీసే కనిష్ఠ వర్గాల పద్ధతిని (అసలు విలువలకూ గీతకూ ఉన్న తేడాల వర్గాల మొత్తం వీలైనంత తక్కువ వచ్చేలా గీయడం) ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ 1805లోనే ప్రచురించాడు, మొదటి అంచనాకు ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఏ ఏళ్ల లెక్కతో గీశారో చెప్పకుండా అంకె ఒక్కటే మన ముందు పెట్టడం మాత్రం అన్యాయం.

ఉమ్మడి చిత్తూరు జిల్లానే చూడండి. జనాభా 1991లో 32,61,118, 2001లో 37,45,875, అంటే పదేళ్లలో 4,84,757 మంది పెరిగారు. సరళరేఖ ప్రకారం తర్వాతి పదేళ్లకూ అంతే పెరగాలి కాబట్టి 2011కి 42,30,632 రావాలి, కానీ జనాభా లెక్కల్లో తేలింది 41,74,064. తేడా ఒకటిన్నర శాతం కూడా లేదు, నిజానికి మంచి అంచనాయే. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. పాత గీతనే 2021 దాకా లాగితే 47,15,389 వస్తుంది, 2001, 2011 అంకెలతో కొత్తగా గీస్తే 46,02,253 వస్తుంది. లక్షా పదమూడు వేల మంది తేడా! ఇందులో ఏది నిజానికి దగ్గరో 2021లో జనాభా లెక్కలే జరగలేదు కాబట్టి తేల్చుకునే దారి లేదు. పైగా రెండే బిందువులతో గీస్తే గీత రెండిటి మీదుగా పోయి తీరుతుంది, తప్పెంతో ఎక్కడా బయటపడదు.

మొదలుపెట్టే ఏడాది కూడా ముఖ్యమే. 2020 మార్చిలో కోవిడ్ వల్ల తిరుమలలో దర్శనాలు ఆపేశారు, జూన్‌లో కొద్దిమందితో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఏడాది నుంచి గీత గీస్తే భక్తుల సంఖ్య ఆకాశానికి ఎగబాకుతున్నట్టు కనిపిస్తుంది, 2020 దగ్గరే ఆపేస్తే పడిపోతున్నట్టు కనిపిస్తుంది. హోటల్ కట్టడానికి అప్పు చేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక మదనపల్లె టమాటా సంగతి తెలిసిందే. 2023 జూలై చివర్లో కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది, అంతకుముందు రెండు నెలల ధరలతో గీత గీసి సెప్టెంబరుకు అంచనా వేసి ఉంటే ఎంత వచ్చేదో మీరే ఊహించుకోండి, తీరా సెప్టెంబరుకు ధర కుప్పకూలింది. పంట కాపుకు రావడానికి పట్టే నెలల్ని బట్టి, పక్క రాష్ట్రాల సరుకును బట్టి ఎక్కి దిగే ధరకు సరళరేఖ అసలు సరిపడదు, రైతు ఆ అంకె నమ్మి నారు పోస్తే నష్టపోయేది రైతే.

అందుకే నా మనవి. ఇలాంటి అంచనా వేసిన ప్రతిసారీ ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా లెక్క తీసుకున్నారో, అదే గీత పాత ఏళ్లలో ఎంత తప్పిందో రెండు లైన్లు కలపండి. ఒకే అంకె కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అని రాయండి. 2027 జనాభా లెక్కలు వచ్చాక, 2022లో వేరే జిల్లాల్లోకి విడిపోయిన ఉమ్మడి చిత్తూరు మండలాలన్నీ కలిపి చూసి, జనాభాకు నేను పైన చెప్పిన రెండు గీతల్లో ఏది దగ్గరగా వచ్చిందో కూడా మీ పేపర్లోనే వేయండి.

— లెక్కల టీచర్, చిత్తూరు