నల్లబడ్డ ఆకుల సంగతి, ఇంకో రెండు ఒప్పుకోళ్లు

పోయిన శనివారం మా సబ్జీ ఖోర్దన్ (ఇరానీ పద్ధతిలో పచ్చి ఆకులు, చీజ్, రొట్టె) పెట్టె తీసుకున్నవాళ్లలో పదకొండు మంది ఫోన్ చేశారు, రైహాన్ ఆకులు కమిలిపోయి నల్లగా వచ్చాయని. తప్పు మాదే. పని తెములుతుందని శుక్రవారం రాత్రే ఆకులన్నీ కడిగి ఫ్రిజ్‌లో పెట్టేశాం. పుదీనా ఆ చలికి తట్టుకుంటుంది. రైహాన్ అంటే మన సబ్జా గింజలు కాసే మొక్కే, దానికి 10 డిగ్రీల కంటే చల్లబడితే మచ్చలొస్తాయి. తెలిసీ బద్ధకించాం. ఆ పదకొండు మందికీ డబ్బు వాపసు వేశాం. మొహమాటపడి ఊరుకున్నవాళ్లు కూడా ఒక మెసేజ్ పెట్టండి.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. సబ్జీ అంటే మన హైదరాబాద్‌లో కూర. "కూర పెట్టడం మర్చిపోయారమ్మా" అని ఒక పెద్దాయన పాపం ఎంతో మర్యాదగా చెప్పారు. ఫారసీలో సబ్జీ అంటే ఆకులు, ఖోర్దన్ అంటే తినడం. ఇరాన్‌లో భోజనానికి కూర్చుంటే పుదీనా, రైహాన్, తర్ఖూన్ (సోంపు వాసన వచ్చే టారగాన్ ఆకు), ఉల్లికాడలు, ముల్లంగి పచ్చివే పళ్లెం నిండా పెడతారు. రొట్టె ముక్క తుంచి, చీజ్ అద్ది, రెండు మూడు రకాల ఆకులు, ఒక అక్రోటు పలుకు పెట్టి చుట్టి నోట్లో వేసుకోవడమే. ఆ ముద్దను లొఖ్మె అంటారు. మన పెళ్లి విందుల్లో లుఖ్మీ ఆ మాటకు చుట్టమే.

అక్రోట్లు రాత్రంతా నానాలి. పొద్దున్నకు నీళ్లు పల్చటి డికాషన్ రంగులోకి వస్తాయి, వాటితోపాటే చేదు కూడా పోతుంది. పొట్టు కూడా వలిచి ఇమ్మంటున్నారు కొందరు. ఒకసారి అరకిలో వలిచాను. ఇక నావల్ల కాదు.

ఇప్పుడు చీజ్. మా చీటీ మీద "ఇరానీ చీజ్" అని రాసి ఉండేది, అది తీసేశాం. తబ్రీజ్ దగ్గరి లిఘ్వాన్ ఊరి చీజ్ గొర్రె పాలతో చేసి ఉప్పునీటిలో ఊరబెడతారు. మేం చేసేది ఆవు పాలతో. ఉప్పునీరు నిజమే, ఆ ఘాటు మాత్రం రాదు. ఉప్పు ఎక్కువ అనిపిస్తే పది నిమిషాలు మంచినీళ్లలో వేసి తీయండి.

తర్ఖూన్ మన ఎండకు నిలవలేదు, మూడు కుండీలూ పోయాయి. మార్చి నుంచి పెట్టెలో వస్తున్నది మెక్సికన్ టారగాన్, బంతిపూల జాతి మొక్క. సోంపు వాసన దగ్గరగానే ఉంటుంది కానీ అది ఇది కాదు. ముందే చెప్పాల్సింది.

రొట్టెల్లో పల్చటి లవాష్ ఒక్కటే పెడుతున్నాం. సంగక్ అనే ఇంకో ఇరానీ రొట్టె కాల్చడానికి వేడి గులకరాళ్లు కావాలి, మా ఓవెన్‌కు అంత వైభోగం లేదు.

ఇకనుంచి శనివారం తెల్లవారుజామున కోసిన ఆకులే, తొమ్మిదిలోపు డెలివరీ. అందుకే ఇరవై ఐదు పెట్టెలకు మించి చేయలేం. ధర 350 నుంచి 390 అవుతోంది. ఈ వారం ముల్లంగి ఆకులతో సహా పంపుతున్నాం, చాలా లేతగా ఉన్నాయి, కోసి పారేయకండి.