వైజాగ్ ఓడ మీద మీ వైఖరేమిటి? అండమాన్ లెఫ్టినెంట్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,

పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో వలలూ తాళ్లూ అమ్ముకునే ఒక దుకాణదారు నమస్కరించి రాసుకుంటున్నది.

ఇదే సంగతి మీద ఇంతకుముందు మూడు అర్జీలు పెట్టాం. ఒకటి హిందీలో, రెండు ఇంగ్లీషులో. రెండింటికి 'తగు చర్య నిమిత్తం పంపడమైనది' అని జవాబొచ్చింది. ఎక్కడికి పంపారో, అక్కణ్నుంచి అవి ఏ ఓడెక్కాయో ఇప్పటికీ తెలీదు. మూడోదానికి ఆపాటి భాగ్యం కూడా లేదు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. చదివి చెప్పేవాళ్లు మీ చుట్టుపక్కలే దొరుకుతారు లెండి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మందిమి తెలుగువాళ్లమే.

విషయం వైజాగ్ ఓడ, అంటే ఇక్కణ్నుంచి వైజాగ్‌కి మనుషుల్ని చేరవేసే సర్కారు ఓడ.

చెన్నైకీ కోల్‌కతాకీ నెలకు మూడు నాలుగు, వైజాగ్‌కి ఒకటి అని టూరిస్టులకిచ్చే కాగితాల్లో ఏళ్ల తరబడి అచ్చవుతూనే ఉంది. ఆ ఒక్కటీ ఏ తేదీన కదులుతుందో మాత్రం ఏ కాగితమూ చెప్పదు. ప్రోగ్రాం బోర్డు మీద తేదీ పక్కనే 'టెంటేటివ్' అని ఉంటుంది, అంటే ఖాయం కాదని. మా వీధిలో బడికెళ్లని ముసలమ్మలకు కూడా ఆ మాటకు అర్థం తెలుసు.

మొన్న వైశాఖంలో టెక్కలి దగ్గర మా అక్క కూతురి పెళ్లి. నేను మేనమామని. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదకు తేవలసినవాణ్ని. నాలుగు నెలల ముందే ముహూర్తం పెట్టారు. ఎండాకాలం సెలవులు కాబట్టి ఇంటిల్లిపాదీ వెళ్దామనుకున్నాం. విమానంలో ఎందుకు పోలేదని అడుగుతారు, అందరూ అడుగుతారు. మేం ఐదుగురం. పోనూ రానూ టికెట్లకయ్యే డబ్బు దుకాణంలో నాకు ఏడాదికి మిగలదు. పైగా విమానంలో మనిషికి పదిహేను కిలోలంటారు. నా సామాను రెండు గోనెల కొబ్బరికాయలు, పిల్లకి చేయించిన పడాక్ చెక్క పెట్టె, దానికి అటవీశాఖ కాగితాలు. ఓడలో బంకు (పడక) టికెట్టు తీసుకుంటే మనుషులూ సామానూ ఒక్క దెబ్బకి చేరతాం.

పెళ్లికి తొమ్మిది రోజుల ముందు ఓడ అన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి వరసలో నిలబడ్డాను. కౌంటరు తెరిచాక తేదీ మారిందన్నారు. పెళ్లికి ఐదు రోజుల ముందుకొచ్చింది. సరే, యాభై అరవై గంటల ప్రయాణం, అయినా అందుకుంటాం అనుకున్నాం. తర్వాత ఓడ రిపేరన్నారు. అక్కడ రేవులో చోటు దొరకలేదన్నది ఇంకొకాయన మాట. గాలివాన అని మూడో ఆయన. మూడింట్లో ఏదో ఒకటి నిజమే అయ్యుంటుంది, కాదనను. సముద్రం మీద ఎవడి పెత్తనమూ సాగదని వలలమ్ముకునేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ 'ఈసారి ఓడ లేదు' అన్న మాట పది రోజుల ముందు చెప్పి ఉంటే, అప్పో సప్పో చేసి నేనొక్కణ్నయినా చెన్నై మీదుగా ఎగిరిపోయేవాణ్ని. ఆఖరికి చెప్పింది పెళ్లికి నాలుగు రోజుల ముందు. అప్పటికి విమానం టికెట్టు ధర వింటే కళ్లు తిరిగాయి.

బుట్ట మా పెదనాన్న కొడుకు ఎత్తాడు. మా ఆవిడ ఫోన్‌లో వీడియో చూసి ఏడ్చింది. నేను దుకాణంలోకి వెళ్లి తాళ్లు సర్దుకున్నాను. ఓడ పెళ్లయిన పన్నెండో రోజున కదిలింది. కొబ్బరికాయలు ఆ లోపలే మొలకలెత్తాయి.

ఇకనుంచి మా ద్వీపాల చుట్టాలకు వేసే శుభలేఖల్లో 'సుముహూర్తం (టెంటేటివ్)' అని అచ్చు వేయించమంటారా?

అయ్యా, ఇదంతా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఇంకెవరికి రాయను? మాకు ఎమ్మెల్యే లేడు, ముఖ్యమంత్రి లేడు. శాసనసభే లేదు. రాజ్యసభలో మా తరఫున కుర్చీ లేదు. లోక్‌సభలో ఒక్కరు. ఆయనా మీకు ఉత్తరమే రాయాలి. ఢిల్లీలో, పుదుచ్చేరిలో గవర్నర్లకీ మంత్రులకీ తగవులైతే టీవీలో చూశాం. మాకు ఆ ముచ్చటా లేదు, తగవు పడడానికి మంత్రంటూ ఉండాలి కదా. 1982లో చీఫ్ కమిషనర్ పోయి లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చినప్పుడు మా నాన్న స్వీట్లు పంచాడట, ఇక మన మాట వినేవాడొచ్చాడని. పాపం మా నాన్న.

వేరే రాష్ట్రంలో గవర్నరు మాట్లాడకపోతే ఆయన పదవికి అది మర్యాద. ఇక్కడ మీరు మాట్లాడకపోతే అదే ప్రభుత్వ నిర్ణయమైపోతుంది. 'మాకు పైనుంచి ఏమీ రాలేదు' అంటాడు కౌంటర్లో కూర్చున్న అబ్బాయి. వాణ్ని అని ఏం లాభం?

పనులు జరగడం లేదని నేననను. 2020లో సముద్రం అడుగున చెన్నై నుంచి కేబుల్ వేశారు, ఇంటర్నెట్ బాగుంది. అందువల్లే పెళ్లి వీడియో ఆగకుండా కనిపించింది, కృతజ్ఞతలు. 2023లో 710 కోట్లతో విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ కట్టారు, ఏడాదికి 50 లక్షల మంది వచ్చిపోవచ్చట. ఈ దీవుల్లో ఉన్న జనమంతా 2011లో 3 లక్షల 80 వేలు. మిగతావాళ్లెవరో వస్తారు, రానివ్వండి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. బాగానే ఉంది. ఊరి పేరు ఒక్కసారే మారింది, ఓడ తేదీ నెలకు నాలుగుసార్లు మారుతోంది.

గ్రేట్ నికోబార్ దీవిలో గలాథియా బే దగ్గర పెద్ద రేవు వస్తుందట. మొత్తం ప్రాజెక్టుకు 72 వేల కోట్లని మొదట్లో అన్నారు. ప్రపంచంలోని కంటైనర్ ఓడలన్నీ అక్కడ ఆగుతాయట. (అక్కడి గిరిజనుల ట్రైబల్ కౌన్సిల్ ఈ ప్రాజెక్టుకు 2022లో ఇచ్చిన సమ్మతిని అదే ఏడాది వెనక్కి తీసుకుంది. దాని మీద మీ మాట ఏమిటో వాళ్లూ ఎదురుచూస్తున్నారు. అది వాళ్ల ఉత్తరం, వాళ్లే రాస్తారు.) అంత పెద్ద ఓడల లెక్క తేలుస్తున్నవాళ్లకు మా ఒక్క ఓడ లెక్క తేలదా?

మేం కొత్త ఓడ అడగడం లేదు. ఇస్తే ఎవరు కాదంటారు, అది వేరే సంగతి. మూడు నెలల తేదీలు ముందే ప్రకటించండి. మారితే పది రోజుల ముందు చెప్పండి. కుదరకపోతే వైజాగ్ లైను ఇక ఉండదని మీ నోటితోనే చెప్పండి. ఏదో ఒకటి చెప్పండి. మీ వైఖరి ఏమిటో తెలిస్తే మా ఏర్పాట్లు మేం చేసుకుంటాం.

మా చిన్న మేనకోడలికి మాఘంలో సంబంధం ఖాయమయ్యేలా ఉంది. ఈసారి అక్క తెలివి మీరింది. 'ఓడ ఎప్పుడో ముందు కనుక్కో తమ్ముడూ, దాన్నిబట్టి ముహూర్తం పెట్టిస్తాం' అంటోంది. పురోహితుడు పంచాంగం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు ఏ తేదీ చెప్పమంటారు?

ఇట్లు,
జంగ్లీఘాట్ నుంచి
ఒక మేనమామ