గుడ్లగూబ ఫొటో వేయండి, చిరునామా వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ప్రవాస తెలుగువారి పేజీలో ఈ చలికాలం పాఠకులు తీసిన పక్షుల ఫొటోలు వేస్తున్నారు. చాలా సంతోషం. అయితే ఈమధ్య ఒక గుడ్లగూబ ఫొటో కింద, అది ఏ రోడ్డులో ఏ మలుపు దగ్గర కూర్చుందో కూడా అచ్చు వేశారు. అలాంటి వివరం ఇకమీదట వేయొద్దని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేనుండేది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, లేక్ సుపీరియర్ పడమటి కొసన ఉన్న డులూత్ ఊళ్లో. జనవరి రాత్రుల్లో మైనస్ 25, 30 డిగ్రీలు మాకు కొత్త కాదు. ఇంత చలిలో పక్షులేముంటాయని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటారు. కానీ ఆర్కిటిక్ టండ్రాలో పుట్టిన తెల్ల గుడ్లగూబకు మా హార్బరూ, ఎయిర్‌పోర్టు మైదానమే దక్షిణాది. ఓడల కాలువలో గడ్డకట్టని నీళ్లలో గోల్డెన్‌ఐ బాతులు మునుగుతూ తేలుతూ ఉంటాయి.

అసలు జనమంతా వెళ్లేది మాత్రం మాకు వాయవ్యంగా 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న సాక్స్-జిమ్ బాగ్‌కి. దాదాపు 300 చదరపు మైళ్ల బురదనేలలు, అడవి, పొలాలు. అక్కడ పక్షులకు తిండి పెట్టే ఫీడర్ల దగ్గర జింక పక్కటెముకలు వేలాడదీస్తారు. అరచేతిలో ఇమిడే చికడీ పిట్టలు ఎముకల సందుల్లో తలకిందులుగా వేలాడుతూ కొవ్వు పొడుచుకు తింటాయి. అందరూ వెతికేది గ్రేట్ గ్రే ఔల్ అనే పెద్ద బూడిదరంగు గుడ్లగూబని. రెండడుగుల పైన పొడవున్నా, బరువు కిలో పైచిలుకే. మిగతాదంతా ఈకలే! కంచె గుంజ మీద కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతూ మంచు కింద పాకే వోల్ ఎలుక చప్పుడు వింటుంది. ఎలుక కంటికి కనిపించనక్కర్లేదు. ఒక్కసారిగా ఎగిరి మంచులోకి దూకుతుంది. అది లేచిపోయాక మంచు మీద రెండు రెక్కల అచ్చు, మధ్యలో గుంట మిగులుతాయి.

మన ఊళ్లలో గుడ్లగూబ ఇంటి మీద వాలితే అశుభమని తరిమేవాళ్లు. అలాంటిది మినియాపొలిస్ నుంచి మన తెలుగు కుటుంబాలు పిల్లల్ని కార్లో ఎక్కించుకుని రెండుమూడు గంటలు డ్రైవ్ చేసి మరీ దాన్ని చూడ్డానికి వస్తున్నాయి. ఆ పిల్లల మొహాలు చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. వాళ్లు రావాలి, ఇంకా రావాలి.

బాధంతా, చోటు బయటపడ్డాక జరిగేదాని గురించి. పొద్దున ఒకరు లొకేషన్ వాట్సాప్‌లో పెడితే మధ్యాహ్నానికి ఆ ఇరుకు రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. కొందరు దిగి మంచులో నడుచుకుంటూ చెట్టు కిందికే పోతారు. ఆ చప్పుళ్లలో దానికి ఎలుక అడుగులేం వినిపిస్తాయి? ఒక్కో వేట తప్పిపోవడమంటే ఆ చలిలో చిన్న విషయం కాదు.

ఇంతకన్నా ఘోరం ఎర వేయడం. పెట్‌షాపులో కొన్న తెల్ల ఎలుకను రోడ్డు పక్కన వదిలి, పక్షి రెక్కలు చాపి కెమెరా మీదికి వచ్చేలా చేస్తారు. 'పాపం ఆకలితో ఉంది, తిండి పెట్టాం' అంటారు. ఫీడర్లో గింజలు పోయడమూ ఇదీ ఒకటి కాదు. కారు ఆగితే తిండి దొరుకుతుందని గుడ్లగూబకు అలవాటైతే అది రోడ్డునే పట్టుకుని ఉంటుంది. అసలే గ్రేట్ గ్రే ఔల్ రోడ్డు వారన వేటాడుతూ నేలకు తక్కువ ఎత్తులో ఎగురుతుంది. 2004-05 చలికాలంలో ఉత్తరాన వోల్ ఎలుకలు తగ్గిపోయి, ఒక్క మిన్నెసోటాలోనే 5 వేలకు పైగా ఈ గుడ్లగూబలు కనిపించాయి. వాటిలో చాలా వాహనాలకు తగిలే చచ్చాయి. రోడ్డే వాటికి యముడైనప్పుడు, మనం ఎర వేసి దాని దగ్గరికే పిలవడం ఏం న్యాయం?

పక్షులు చూసేవాళ్లు తమకు కనిపించినవి నమోదు చేసే ఈబర్డ్‌ వెబ్‌సైట్ కూడా, మనుషుల వల్ల ఇబ్బంది కలిగే అవకాశమున్న కొన్ని జాతులు కనిపించిన కచ్చితమైన చోటు అందరికీ చూపించదు. గద్దలకూ గుడ్లగూబలకూ ఎర చూపి ఫొటోలు తీయొద్దని అమెరికాలో పక్షుల సంరక్షణకు పనిచేసే ఆడుబన్ సంస్థ స్పష్టంగా చెబుతోంది. మన తెలుగు పత్రికలు కూడా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు కదా. ఫొటో కింద 'ఉత్తర మిన్నెసోటా' అని వేస్తే చాలు. ఎర వేయలేదని ఫొటో పంపినవాళ్ల చేత ఒక మాట రాయించుకోండి. కెమెరాలోకి సూటిగా చూస్తూ మంచు మీద వాలబోతున్న గుడ్లగూబ ఫొటో వస్తే, ఎలా తీశారో అడగండి. మన నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు గూళ్లు పెట్టే కాలమూ ఇదే కాబట్టి, గూటి దగ్గరికంటా పోయి తీసిన ఫొటోలనూ పక్కన పెట్టండి.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్లకు ఒక మాట. సాక్స్-జిమ్‌లో ఔల్ అవెన్యూ మీద వెల్‌కమ్ సెంటర్ ఉంది. మొదట అక్కడికి వెళ్లి అడగండి. బండి నెమ్మదిగా నడపండి. గుడ్లగూబ కనిపిస్తే కార్లోనే ఉండి, వెనక వచ్చేవాళ్లకు దారి వదిలి చూడండి. అది మీ వైపే చూస్తూ కూర్చుంటే వేట మానేసిందని అర్థం, కాసేపటికే కదిలిపోండి. ఈ నాలుగు మాటలూ మీ పేజీలో ఫొటోల పక్కన ఒక చిన్న బాక్సులో వేస్తే, ఫిబ్రవరిలో వచ్చే కుటుంబాలకు ముందుగానే అందుతాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
డులూత్, మిన్నెసోటా