పది రోజుల ప్యాకేజీ ఉండదు, కొత్తగా ఒక గది ఉంటుంది: మా ఫిజియోథెరపీ క్లినిక్‌కు వచ్చేవాళ్లకు

నమస్తే. హనుమకొండలో మా క్లినిక్‌కు వస్తున్నవాళ్లకు, రావాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు ఈ నెల నుంచి మారుతున్న రెండు సంగతులు చెప్పాలి. మోకాలు, నడుము, భుజం నొప్పులకు ఇన్నాళ్లూ నడిచిన పది రోజుల ప్యాకేజీ ఇక ఉండదు. మూత్రం ఆపుకోలేకపోవడం, గర్భసంచి జారడం, కాన్పు తర్వాత కటి భాగంలో నొప్పి లాంటి ఇబ్బందులకు విడిగా గది, విడిగా సమయం పెట్టాం. దీన్ని పెల్విక్ ఫిజియోథెరపీ అంటారు.

ముందు ఈ రెండోదాని గురించే చెప్తాను. మోకాళ్ల నొప్పితో వచ్చినవాళ్లు కూర్చోకముందే నొప్పి సంగతి చెప్తారు. ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు అలా చెప్పరు. నడుము నొప్పి అనో, తుంటి పట్టేసిందనో వస్తారు. నాలుగైదు సార్లు వచ్చాక, ఒకరోజు వెళ్లిపోతూ తలుపు దగ్గర ఆగి, బయట ఎవరూ లేరని చూసుకుని అడుగుతారు. "మేడం, దగ్గినా తుమ్మినా ఒంటికి పడుతాంది. వయసైతే అందరికీ గింతేనా?"

అందరికీ ఇంతే అని కాదమ్మా. వయసుతో ఇది ఎక్కువయ్యే మాట నిజమే, కానీ భరించి ఊరుకోవాల్సిన అవసరం లేదు. నర్సంపేట నుంచి బస్సెక్కాలంటే పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టనివాళ్లున్నారు. ఇంటిల్లిపాదీ మేడారం జాతరకు బయల్దేరితే ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోయినవాళ్లున్నారు. అసలు కారణం కన్నకూతురికి కూడా చెప్పరు. ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ దాపరికమే. అందుకే ఆ గది పెట్టాను.

మన శరీరంలో ముందు జఘనాస్థి, అంటే పొత్తికడుపు కింద తగిలే ఎముక నుంచి వెనక తోకఎముక దాకా కొన్ని కండరాలు పరుచుకుని ఉంటాయి. మంచం పట్టెల మధ్య నులక అల్లినట్టు ఉంటాయనుకోండి. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివర, ఈ మూడింటి భారం వాటి మీదే. కాన్పులు, ఏళ్ల తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు, రోజూ ఎత్తే బరువులు, నెలసరి ఆగిపోయాక వచ్చే మార్పులు ఆ అల్లికను వదులు చేస్తాయి. ఆపరేషన్ కాన్పు అయితే ఈ బాధ ఉండదని చాలామంది అనుకుంటారు. ముప్పు కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, ఎందుకంటే తొమ్మిది నెలలు బిడ్డ బరువు మోసింది కూడా ఆ కండరాలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయి. అంతమందికి కుట్లు మానాక పొట్ట కండరాలను, కటి కండరాలను మళ్లీ ఎలా బలపరుచుకోవాలో ఎవరు చెప్తున్నారు? బాలింతకు నూనె రాసి నీళ్లు పోయడం దగ్గరే మన జాగ్రత్తలు ఆగిపోతున్నాయి.

మొదటిసారి వచ్చినప్పుడు గంటసేపు తీసుకుంటాం. అందులో సగం మాటలే. రోజుకు ఎన్నిసార్లు ఒంటికి వెళ్తారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఎన్ని కాన్పులు, మలబద్ధకం ఉందా, టీ ఎన్నిసార్లు తాగుతారు, కలయికలో నొప్పి ఉందా, అన్నీ అడుగుతాం. మూడు రోజుల పాటు రాసుకు రమ్మని ఒక కాగితం ఇస్తాం. ఎంత తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు కారింది, అంతే. చదువు రాకపోతే గీతలు పెట్టుకొచ్చినా చాలు. పగలు ఏడెనిమిది సార్లు, రాత్రి ఒకసారి లేవడం మామూలే. బయటికి వెళ్లే ముందు అవసరం లేకపోయినా ప్రతిసారీ వెళ్లి వచ్చే అలవాటు ఉంటే, మూత్రాశయం కొంచెం నిండగానే తొందరపెట్టడం నేర్చుకుంటుంది. ఆ కాగితం చూస్తే ఇలాంటివి బయటపడతాయి. కొందరికి వ్యాయామం కంటే ముందు ఈ అలవాటు మార్చాల్సి వస్తుంది.

ఇక అందరూ భయపడే పరీక్ష సంగతి. ముందు బట్టలు ఉండగానే ఊపిరి తీసుకునే తీరు, పొట్ట, నడుము, తుంటి చూస్తాం. కండరాల బలం సరిగ్గా తెలియాలంటే కొందరికి లోపలి పరీక్ష అవసరమవుతుంది. ఎందుకో, ఎలా చేస్తామో ముందే వివరిస్తాం. మీరు సరేనంటేనే, గ్లవ్స్ వేసుకుని, ఆడ ఫిజియోనే చేస్తారు. తలుపు గడియ వేసి ఉంటుంది. అక్కనో, అత్తమ్మనో, భర్తనో పక్కన ఉంచుకోవచ్చు, ఎవరూ వద్దంటే ఒంటరిగా ఉండొచ్చు. మధ్యలో వద్దనిపిస్తే ఆపేస్తాం. పరీక్ష అసలే వద్దన్నా చికిత్స ఆగదు, ఇంకో దారిలో చేస్తాం. పెళ్లికాని అమ్మాయిలకు ఆ పరీక్ష చేయం. "వద్దంటే మేడం ఏమనుకుంటదో" అని ఎవరూ మొహమాటపడొద్దు.

వ్యాయామం విషయానికొస్తే, ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్ట్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే దీనికి మూలం. పేరు మీరు వినే ఉంటారు, వీడియోల్లోనూ చూసి ఉంటారు. చూసి చేసేవాళ్లలో చాలామంది పిరుదులు బిగిస్తారు, ఊపిరి బిగబడతారు, పొట్ట ముందుకు తోస్తారు. అలా చేస్తే కిందికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోకుండా ఎలా ఆపుకుంటారో అలా లోపలికి, పైకి లాగాలి. మాట్లాడుతూ కూడా ఆ బిగువు నిలబడాలి. అందుకే మేము పక్కన కూర్చుని ఒకటి నుంచి ఐదు దాకా మీతో పైకి లెక్కపెట్టిస్తాం. లెక్కపెడుతున్నారంటే ఊపిరి ఆగలేదని అర్థం. ఎనిమిదిసార్లు బిగించి వదలడం, రోజుకు మూడు పూటలా, కనీసం మూడు నెలలు. పది రోజుల్లో తేడా కనిపించలేదని మానేయకండి. కండరానికి బలం రావడానికి అంత సమయం పడుతుంది. దగ్గు, తుమ్ము వచ్చే ముందు ఒక్క క్షణం బిగించడం అలవాటు చేసుకుంటే కారడం ముందే తగ్గడం మొదలవుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం వ్యాయామంగా చేయొద్దు.

ఒక మాట జాగ్రత్తగా వినండి. అందరికీ బిగించే వ్యాయామం పనికిరాదు. కొందరికి ఆ కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. కలయికలో నొప్పి, మలవిసర్జన కష్టం కావడం, కింద మంట లాంటివి ఉంటాయి. వాళ్లకు నేర్పాల్సింది వదలడం. పక్కింటామెకు చెప్పిన వ్యాయామం మీరు చేయకూడదని మేము గట్టిగా చెప్పేది అందుకే. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం కారే మగవాళ్లు కూడా రావచ్చు బాపూ, మిమ్మల్ని మా మగ ఫిజియో చూస్తారు.

మా చేతిలో లేనివి కూడా ఉన్నాయి. గర్భసంచి కొంచెం జారినప్పుడు బరువుగా, కిందికి లాగుతున్నట్టు ఉండే ఇబ్బందిని వ్యాయామం తగ్గిస్తుంది. పూర్తిగా బయటికి వచ్చేస్తే గైనకాలజిస్ట్ దగ్గరికే పంపిస్తాం. లోపల పెట్టే రింగుతోనో, ఆపరేషన్‌తోనో వాళ్లు సరిచేస్తారు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. డాక్టర్ చెప్పిన ఆపరేషన్ వద్దని మేము ఎప్పుడూ అనం. అది ఎందుకు అవసరమో, వేరే దారి ఉందో లేదో ఆ డాక్టర్‌నే వివరంగా అడగండి. తొందర లేని కేసైతే రెండో డాక్టర్ మాట కూడా తీసుకోండి.

ఇప్పుడు కీళ్లు, ఎముకల సంగతి. ప్యాకేజీ ఎందుకు తీసేశామంటే, పది రోజులు వరుసగా వచ్చి మెషీన్ కింద పడుకుని వెళ్తే నొప్పి ఆ పూటకు తగ్గుతుంది, కండరం బలం అంతే ఉంటుంది. "కరెంటు పెట్టు బిడ్డా, మొన్న మంచిగనిపించింది" అని పెద్దవాళ్లు అడుగుతారు. పెడతాం, నొప్పి మరీ ఎక్కువగా ఉంటే. కానీ మోకాలు అరిగినవాళ్లను మళ్లీ మెట్లు ఎక్కించేది తొడ కండరాల బలమే. అది ఇంట్లో రోజూ చేసే వ్యాయామంతో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. ఇక నుంచి వారానికి ఒకసారి రండి చాలు. చేయించి చూసి, తప్పులు దిద్ది, కొంచెం కష్టం పెంచి పంపిస్తాం. మోకీలు మార్పిడి అయినవాళ్లు, విరిగిన ఎముకకు ప్లేట్ వేయించుకున్నవాళ్లు మాత్రం మొదటి వారాల్లో ఎక్కువసార్లు రావాల్సిందే. కొత్త మోకాలు త్వరగా వంగకపోతే తర్వాత వంచడం చాలా కష్టం.

వ్యాయామం చేస్తుంటే కొంచెం నొప్పి రావచ్చు. మర్నాటి పొద్దుటికల్లా మామూలుగా ఉంటే భయం లేదు. మర్నాడు ఇంకా ఎక్కువైతే తగ్గించాలి, మాకు చెప్పాలి.

నడుము నొప్పితో స్కాన్ కాగితం పట్టుకుని టెన్షన్‌తో వచ్చేవాళ్లకు ఒక ధైర్యం. ఏ నొప్పీ లేని 50 ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా దాదాపు 60 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. కాబట్టి ఆ కాగితంలో ఉన్న మాట ఒక్కటే చూసి చికిత్స నిర్ణయించం. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ అన్నకు, రోజంతా వంగి పత్తి ఏరే అక్కకు, కంప్యూటర్ ముందు కూర్చునే తమ్ముడికి స్కాన్ రిపోర్ట్ ఒకటే ఉన్నా వ్యాయామం ఒకటి కాదు. భుజం పట్టేసినవాళ్లు షుగర్ పరీక్ష చేయించుకుని రండి. షుగర్ ఉన్నవాళ్లకు అది ఎక్కువగా వస్తుంది, తగ్గడానికి ఏడాది పైన కూడా పట్టొచ్చు.

ఫీజు సంగతి దాచేది లేదు. ప్యాకేజీ పోతే మా రాబడి తగ్గుతుంది, అద్దె తగ్గదు. అందుకే ఒక్కో విజిట్ ఫీజు పెంచాం. కీళ్ల సమస్యలకు మొదటిసారి 500 రూపాయలు, తర్వాత 350. పెల్విక్ గదిలో మొదటిసారి 700, తర్వాత 400. ఎక్కువసార్లు రానక్కర్లేదు కాబట్టి మొత్తం మీద చాలామందికి ఖర్చు తగ్గుతుంది. ఇప్పటికే ప్యాకేజీ కట్టినవాళ్లకు మిగిలిన రోజులు పాత లెక్కలోనే నడుస్తాయి. ఇది కూడా భారమైతే వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉంది, అక్కడికి వెళ్లడానికి చిన్నతనం అనుకోవద్దు.

మా దగ్గరికి రాకుండా నేరుగా ఆసుపత్రికి పోవాల్సినవి ఇవి: నడుము నొప్పితో పాటు కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం అసలు రాకపోవడం, కాళ్లు ఉన్నట్టుండి బలహీనపడటం. వీటికి గంటలు కూడా ఆలస్యం చేయొద్దు. ఆపరేషన్ తర్వాత పిక్క వాచి నొప్పి పుట్టినా, మూత్రంలో రక్తం కనిపించినా డాక్టర్‌కే ముందు చూపించాలి.

పెల్విక్ గదికి మంగళ, గురు, శనివారాల్లో మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా సమయం. అప్పుడు బయట వేరే పేషెంట్లు ఉండరు. రిసెప్షన్‌లో సమస్య ఏంటని ఎవరూ అడగరు, "మధ్యాహ్నం అపాయింట్‌మెంట్" అంటే చాలు. వదులైన సల్వార్‌గానీ, నైట్ ప్యాంట్‌గానీ తెచ్చుకోండి, నెలసరి రోజుల్లో కూడా రావచ్చు. పరకాల, ములుగు, నర్సంపేట వైపు నుంచి వచ్చేవాళ్లకు తిరుగు బస్సు దొరికేలా ముందు సమయం ఇస్తాం. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో రెండు వారాలు రాలేమనుకుంటే ఫోన్ చేసి చెప్పండి. చేను గట్టు మీద కూర్చుని చేసుకోగలిగిన వ్యాయామాలు చెప్పి పంపిస్తాం.