588 పెద్దదా, 585 పెద్దదా? – విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మీకు నేను రాస్తున్న ఐదో కాగితం ఇది. మొదటి నాలుగూ, ప్రతిభా పురస్కారం దక్కని ఒక అమ్మాయి గురించి పెట్టిన అర్జీలు. "తమరి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టాను, ప్రతిదానికీ జిరాక్సులు కుట్టాను, రెండింటికి రసీదు కూడా అడిగి తీసుకున్నాను. జవాబు మాత్రం ఒక్కదానికే వచ్చింది. అదీ ఫోన్‌కి మెసేజ్: "మీ అర్జీ పరిష్కరించబడినది." ఏం పరిష్కరించారో నాకు తెలియలేదు, అర్జీ ఎవరి కోసం పెట్టానో ఆ అమ్మాయికీ తెలియలేదు. కనుక్కుందామని ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా కంప్యూటర్లో చూసి, "అవునండీ, క్లోజ్ అయింది కదా" అని నన్నే ఎదురు అడిగాడు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను సర్కారు హైస్కూల్లో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా ఇలాంటి ఉత్తరం రాస్తే కాండక్ట్ రూల్స్ అంటారు, మెమో ఇస్తారు. (మన శాఖలో పిల్లలకిచ్చేదీ మెమోనే, మాస్టార్లకిచ్చేదీ మెమోనే!) ఇప్పుడా భయం లేదు.

పదో తరగతి పిల్లలకిచ్చే ప్రతిభా పురస్కారాల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్క అమ్మాయి విషయమే చెబుతాను. పేరు రాయను, ఊరు రాయను. మీ పేషీలో ఉన్న నాలుగు అర్జీల్లో ఏది తీసినా అవి దొరుకుతాయి.

రిజల్ట్స్ వచ్చిన రోజు ఆ పిల్లకి 600కి 581. ఊరంతా స్వీట్లు పెడుతుంటే తను మాత్రం మెమో వంక చూస్తూ కూర్చుంది. లెక్కల్లో 100, సైన్సులో 100, తెలుగులో 99, హిందీ, ఇంగ్లీషుల్లో 98 చొప్పున. సోషల్‌లో 86. "సోషల్ బాగా రాశాను మాస్టారూ" అన్నది. ప్రతి పిల్లా అనే మాటే ఇది, నేనూ నమ్మలేదు. తను వదల్లేదు. దిద్దిన పేపరు మళ్లీ చూడమని అడిగే రీవెరిఫికేషన్‌కి సబ్జెక్టుకు 1000 రూపాయలు. కూలికి వెళ్లే తల్లి డ్వాక్రా పొదుపులోంచి తీసి కట్టింది.

జవాబు పత్రం జిరాక్స్ వచ్చింది. 32వ ప్రశ్న, 8 మార్కులది. రెండు పేజీల జవాబు, ముత్యాల్లాంటి అక్షరాలు, సైడ్ హెడ్డింగులకి స్కేలు పెట్టి గీసిన గీతలు. దాని చివర 7 అని వేసి చుట్టూ సున్నా చుట్టారు. మొదటి పేజీలో ప్రశ్నల వారీగా మార్కులు వేసే గడులుంటాయి కదా, అక్కడ 32 ఎదురుగా ఒక అడ్డగీత. అంటే పిల్ల ఆ ప్రశ్న ముట్టుకోలేదని అర్థం. లోపల 7, బయట గీత. అదీ జరిగింది.

దిద్దినాయన్ని నేను తిట్టను. నేనూ ఏళ్లతరబడి స్పాట్‌కి, అంటే పేపర్లు దిద్దే క్యాంపుకి, వెళ్లినవాణ్ణే. రోజుకు 40 పేపర్లు, ఏప్రిల్ ఎండ, తిరిగీ తిరగని ఫ్యాను, ఆఖరి బస్సు దొరుకుతుందో లేదోనని టెన్షన్. దిద్దింది కూడటానికి స్పెషల్ అసిస్టెంటు ఉంటాడు, పైన చీఫ్ ఎగ్జామినర్ ఉంటాడు, అయినా జారిపోతాయి. 2025లో మన ఆంధ్రప్రదేశ్‌లో రీవెరిఫికేషన్ చేస్తే వేల పదో తరగతి పేపర్లలో మార్కులు మారడం, కొందరు టీచర్లు సస్పెండ్ కావడం రాష్ట్రమంతా చూసిందే. తప్పు జరిగింది, దాన్ని మీ శాఖే ఒప్పుకుంది, మీ శాఖే దిద్దింది. సోషల్ 93 అయింది, మొత్తం 588 అయింది. పాత మెమో సరెండర్ చేయమన్నారు, చేశాం. కొత్త మెమో ఇచ్చారు. దానికి చేతులెత్తి దండం పెడుతున్నాను, ఇది వెటకారం కాదు.

వెటకారం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది, క్షమించండి.

మా మండలంలోని సర్కారు బడులన్నిటిలో 588కి మించి ఎవరికీ రాలేదు. పురస్కారానికి ఎంపికైన బాబుకి వచ్చినవి 585. సవరించిన మార్కులు వచ్చేసరికి పురస్కారాలిచ్చే సభకి ఇంకా పది రోజుల టైముంది. మండలంలో అడిగితే "జాబితా పైనుంచి వచ్చింది, మా చేతిలో లేదు" అన్నారు. జిల్లాకి వెళ్లాం. "డేటా లాక్ అయిపోయింది" అన్నారు. ఎవరు లాక్ చేశారండీ అంటే పైవాళ్లు. ఆ పైవాళ్లకి ఫోన్ చేస్తే "మండలం నుంచి ప్రపోజల్ వస్తే చూస్తాం" అన్నారు. మళ్లీ మండలానికి వచ్చాం. ప్రపోజల్ పెట్టడానికి ఫార్మాట్ లేదట. తెల్లకాగితం మీద రాయండి బాబూ అంటే, తెల్లకాగితం మీద రాస్తే పైవాళ్లు తీసుకోరట. ఇలా పది రోజుల్లో మూడు ఆఫీసులకు కలిపి ఏడుసార్లు తిరిగాం. తర్వాత ఎన్నిసార్లో లెక్క పెట్టడం మానేశాను, లెక్కల మాస్టారినై ఉండి కూడా. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు ఉచితమే, దానికి సంతోషం. కానీ ఆఫీసుకు వచ్చిన రోజల్లా ఆ తల్లి కూలి పోతుంది, అది ఎవరూ ఇవ్వరు.

సభ రోజు వచ్చింది. జనం పల్చగా ఉండకూడదని బడుల నుంచి పిల్లల్ని తీసుకురమ్మని హెడ్మాస్టర్లకి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. అలా వెళ్లిన బస్సులో ఆ అమ్మాయి తమ్ముడూ ఉన్నాడు, అప్పుడు ఎనిమిదో తరగతి. వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టొచ్చాడు. మర్నాడు మా ఇంటికొచ్చి "మాస్టారూ, 588 కన్నా 585 పెద్దదా?" అని అడిగాడు. ఎనిమిదో తరగతి చదివేవాడికి ఈ సందేహం వచ్చిందంటే లెక్కల మాస్టారిగా నాకెంత పరువు తక్కువో ఆలోచించండి. ఏం చెప్పాలో మీరే సెలవివ్వండి. వాడు తొమ్మిదికి కూడా వచ్చేశాడు, ఇంకా జవాబు బాకీ ఉన్నాను.

ఇక్కడో మాట. ఆ బాబు పతకం వెనక్కి తీసుకోమని మేం ఏ అర్జీలోనూ అడగలేదు. వాడూ కష్టపడ్డాడు, 585 ఏమన్నా చిన్న మార్కులా? అతను తీసుకున్నది అతని దగ్గరే ఉండాలి. కానీ ఒక ఆఫీసులో మాకిచ్చిన సలహా ఏమిటో తెలుసా అండీ? ఆ బాబు తండ్రి దగ్గర "నాకు అభ్యంతరం లేదు" అని కాగితం తెమ్మన్నారు! సిగ్గు చంపుకుని వెళ్లాను. పొలం పనిలో ఉన్న ఆయన చేతులు కడుక్కుని వచ్చి, "ఎక్కడ పెట్టాలి మాస్టారూ సంతకం?" అన్నాడు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నేనే వద్దని వచ్చేశాను. కూడికలో తప్పు మీ దగ్గర జరిగితే, ఆయన నిరభ్యంతరం ఎందుకివ్వాలి?

కోటా పూర్తయిందన్నారు ఒకరు. బడ్జెట్ హెడ్ క్లోజ్ అయిందన్నారు ఇంకొకరు. ట్రిపుల్ ఐటీ సీట్లకి ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు లెక్కల మార్కులు చూసి తేలుస్తారు. అంటే సమానంగా వస్తే ఏం చేయాలో కూడా రాసి పెట్టుకున్నారన్నమాట. ఇక్కడ సమానం కూడా కాదే, మూడు మార్కుల తేడా. దానికి రూలు లేదా?

తలుచుకుంటే మన ప్రభుత్వాలు ఎంత వేగంగా కదలగలవో నాకు తెలుసు. 2019 నవంబరులో ప్రతిభా పురస్కారాలకున్న అబ్దుల్ కలాం గారి పేరు మారుస్తూ జీవో ఇచ్చారు. జనం గగ్గోలు పెట్టారు. మర్నాటికల్లా ఆ జీవో రద్దు! అప్పుడు ఏ డేటా లాక్ కాలేదు, ఏ ఫార్మాటూ అడ్డం రాలేదు. పురస్కారం పేరు వెనక్కి రావడానికి ఒక్క రోజు పట్టింది. పురస్కారం అందుకోవాల్సిన పిల్ల పేరు జాబితాలోకి రావడానికి ఏడాది దాటినా చాలలేదు. ఇది ఫలానా పార్టీ మీద రాస్తున్నది కాదు, ఏ రంగు జెండా కిందా మాకు జవాబు రాలేదు గనక.

డబ్బు ముఖ్యం కాదని కూడా నేను చెప్పను. పురస్కారంతో ఇచ్చే ఆ 20 వేలు వస్తాయన్న ఆశతో ఆ ఇంట్లో చాలా లెక్కలు వేసుకున్నారు, హాస్టల్ ఫీజు మొదలుకుని. ఆ ఫీజు తర్వాత అప్పు చేసి కట్టారు. అయితే ఆ పిల్ల ఒక్కసారి కూడా డబ్బు మాట ఎత్తలేదు. మొదట్లో "ఏమన్నారు మాస్టారూ" అని అడిగేది. ఇప్పుడు ఇంటర్ సెకండియర్‌కి వచ్చింది, అడగడం మానేసింది. పోయినసారి సెలవులకి వచ్చినప్పుడు నేనే ఎత్తితే, "పోనీలెండి, మీరు ఎండలో తిరక్కండి" అన్నది. మంత్రి గారూ, మీ ఆఫీసుల జవాబులకన్నా నాకు ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

నాకు కావాల్సింది ఏమిటంటారా? జాబితా సరిచేయండి. కోటా అడ్డమైతే ఆ ఒక్క పేరు అదనంగా చేర్చండి. అదీ కుదరదంటే, "588 మార్కులతో మండలంలో ప్రథమ స్థానం నీదే, పొరపాటు మాది" అని సంతకంతో ఒక ఉత్తరం ముక్క ఇవ్వండి. స్టేజీ వద్దు, శాలువా వద్దు, ఫొటో వద్దు. అబుల్ కలాం ఆజాద్ గారి జయంతి, నవంబరు 11న ఈ పురస్కారాలు ఇచ్చిన రోజులున్నాయి. ఆ తేదీకైనా ఇవ్వండి. ఇక ముందు ఏడాదులకైనా రీవెరిఫికేషన్ ఫలితాలు వచ్చేదాకా జాబితాకి తాళం వేయకండి. సభ ఒక నెల ఆలస్యమైతే కొంపలేం మునగవు. ఇలాంటి పిల్లలు ఇంకా ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు, మీకు తెలుసుకునే వీలుంది. పాత మార్కులూ కొత్త మార్కులూ మీ దగ్గరే ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూడమనండి. ఆ జాబితా సరిచేయండి. మళ్లీ మళ్లీ ఇదే రాస్తున్నానని విసుక్కోకండి. ఏడాదిగా నా నోట ఇంకో మాట లేదు.

కొత్త మెమో, జవాబు పత్రం మొదటి పేజీ, 32వ ప్రశ్న ఉన్న పేజీలు, పాత మెమో సరెండర్ చేసిన రసీదు, అన్నీ ఐదో సెట్టు జిరాక్స్ తీయించి మీ పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. 7 ఉన్న చోట పెన్సిల్‌తో సున్నా చుట్టాను, వెతుక్కోనక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు

తా.క.: ఈ అర్జీని కూడా "పరిష్కరించబడినది" అని మూసేసేటట్టయితే, దయచేసి ఆ మెసేజ్ నాకు పంపండి. ఆ పిల్ల ఫోన్‌కి పంపకండి.